ఓటు వేసే ముందు, జవాబు రాసే ముందు

పలాస

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న నీతో ఫోనులో మాట్లాడాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నైర వ్యవసాయ కళాశాలలో చదివి వచ్చి, ఆన్‌లైన్ రైతుల బృందంలో మొదటి జవాబు రాస్తే ఎవరో వ్యతిరేక ఓటు వేశారని, ఇక ఆ వైపు వెళ్లనని అన్నావు. ఆ వెంటనే, స్నేహితురాళ్లు పదిమందితో అనుకూల ఓట్లు వేయించుకుంటే తప్పా అని అడిగావు. మొదటి మాటకు బాధ కలిగింది. రెండో మాటకు భయం వేసింది.

నీ జవాబు చదివాను. "జీడి చెట్టు ఎండిపోతోంది, మందు చెప్పండి" అని సోంపేట వైపు రైతు అడిగాడు. నువ్వు లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమకు మందు, దాని మోతాదు రాశావు. మోతాదులో తప్పు లేదు. కానీ అది టీ దోమేనని నీకెలా తెలిసింది? టీ దోమ అయితే లేత చిగుళ్లు, పూత కొమ్మలు మాడిపోతాయి. కాండం తొలిచే పురుగు అయితే ఆకులు పసుపుబారి రాలిపోతాయి, చెట్టు మొత్తం ఎండుతుంది. మొదలు దగ్గర రంధ్రాలు, జిగురు, పురుగు నమిలి తోసిన పొట్టు కనిపిస్తాయి. కొమ్మల మీద చల్లిన మందు మానులో ఉన్న పురుగును ఏమీ చేయలేదు. రైతుకు డబ్బూ పోతుంది, చెట్టూ పోతుంది.

ప్రశ్న సరిగా అడగడం ఆ రైతుకు తెలియకపోవచ్చు. తెలియజేయడం నీ పని. చెట్టు వయసెంత, ఎండింది చిగుళ్లా చెట్టంతానా, చెట్టు మొదలు దగ్గర మట్టి తీసి చూశారా, పగటి వెలుగులో తీసిన ఫోటో ఉందా అని అడిగి ఆగవలసింది. నీకు వ్యతిరేక ఓటు వేసిన మనిషి కారణం రాయకుండా వెళ్లిపోవడం కూడా తప్పే. ఏది సరిదిద్దుకోవాలో నీకు చెప్పలేదు కదా. నువ్వు ఎప్పుడైనా ఆ ఓటు వేయవలసి వస్తే కింద రెండు వాక్యాలు రాయి. మాటను తప్పుపట్టు, మనిషిని కాదు.

ఇక స్నేహితురాళ్ల ఓట్ల సంగతి. దీని గురించి నా తప్పు ఒకటి నీకు చెప్పాలి, ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కవిటి కొబ్బరి తోటల్లో సర్పిలాకార తెల్లదోమ కనిపించిన కొత్తలో ఒక రైతు ఫోటో పెట్టాడు. ఆకుల అడుగున తెల్లటి సుడులు, పైన నల్లటి మసి. ఆ పురుగు నాకు కొత్త. అయినా పాత అలవాటు కొద్దీ ఘాటైన పురుగుమందు కొట్టమని రాశాను. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లలో తిరిగిన మనిషిని కనుక, చదివిన వాళ్లూ చదవని వాళ్లూ ఓట్లు వేశారు. మన బంధువులే ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ఇద్దరికి కొబ్బరి తోట కూడా లేదు. నా జవాబు కింద ఒక కుర్రవాడు రాశాడు: మందు కొట్టవద్దు, ఆ దోమను తినే చిన్న మిత్రపురుగులు (బదనికలు) చనిపోతాయి, ఆకుల అడుగు భాగం తడిసేలా నీళ్లు బలంగా చిమ్మండి, పరిశోధన స్థానం వాళ్లు చెబుతున్నది ఇదే అని. అతని పేరు ఎవరికీ తెలియదు. ఒక్క ఓటు కూడా పడలేదు.

రైతు నా మాటే విన్నాడు. నెల తిరగకముందే దోమ మరింత పెరిగింది. ఆ రోజు నాకు అర్థమైంది, నాకు పడినవి నా మొహం చూసి వేసిన ఓట్లని. ఓటు అంటే సాక్ష్యం తల్లీ. నేను చూశాను, చేశాను, ఇది నిజం అని పదిమందిలో చెప్పడం. చూడనిదానికి సాక్ష్యం చెబితే నష్టం ఎవరిదో నేను కళ్లారా చూశాను. నా జవాబు తీసివేయలేదు. పైన "ఇది తప్పు, కింది జవాబు పాటించండి" అని రాసి అక్కడే ఉంచాను.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల వేదిక ఉందని, 2008లో మొదలైందని మీ బావ చెప్పాడు. అక్కడ జవాబుకు అనుకూల ఓటు పడితే రాసినవారికి 10 పాయింట్లు వస్తాయి, వ్యతిరేక ఓటు పడితే 2 పోతాయి. ఒకరి జవాబుకు వ్యతిరేక ఓటు వేసినవారికి కూడా ఒక పాయింటు తగ్గుతుందట. 125 పాయింట్లు సంపాదించేవరకు ఆ ఓటు వేసే హక్కే లేదు. కూడబలుక్కుని ఒకరికే వరుసగా వేసిన ఓట్లను రద్దు చేస్తారు. తప్పు అని చెప్పేవాడు తన చేతిలోంచి కొంత వదులుకోవాలన్న నియమం నాకు ఎంతో నచ్చింది. మన బృందంలో ఇలాంటి కట్టుబాట్లు లేవు. అందుకే మనమే పెట్టుకోవాలి. తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీకి రచ్చబండ అని పేరు. అక్కడ ప్రతివారూ తమ మాట కింద సంతకం పెడతారు. నువ్వు కూడా నీ పేరుతోనే రాయి. ఎక్కడ చదివావో, ఏ తోటలో చూశావో చెప్పు. తెలియనిదాన్ని తెలియదని రాయి.

ఓట్ల లెక్క రోజూ చూసుకోకు. తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబరు 11న కదా. గాయపడిన కొబ్బరి చెట్లను ఎలా కాపాడాలో అప్పుడు ఒక రైతు అడిగితే ఓపికగా రాశాను. ఎనిమిది నెలల తర్వాత అతను తిరిగి వచ్చి, ఏ చెట్లు బతికాయో, ఏవి పోయాయో వరుసగా రాశాడు. మానును తొలిచే ఎర్రముక్కు పురుగు పట్టిన వాటిని విడిగా చెప్పాడు. దానికి ఓట్లు మూడే. నేను మాత్రం ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ తీసి చదువుతాను. ఇంకో రైతుకు జవాబు రాయాలంటే నాకు అదే ఆధారం.

రేపు పొద్దున్నే సోంపేట రైతుకు మళ్లీ రాయి. ముందు రాసింది తొందరపాటని ఒప్పుకుని, చెట్టు మొదలు దగ్గర మట్టి తీసి ఫోటో పంపమను. మందు ఇంకా కొని ఉండకపోతే ఆగమని చెప్పు. పొట్టు కనిపిస్తే నాకు ఫోను చెయ్యి. ఆదివారం ఇద్దరం కలిసి వెళ్లి చూసివద్దాం.

ఇట్లు,
మామయ్య