గాయాల రిజిస్టరు చదివేటప్పుడు

చిరంజీవి మాధవికి,

తాతయ్య ఆశీస్సులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన భారతీయ సిపాయిల మీద పరిశోధన మొదలుపెట్టావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆస్పత్రి రిజిస్టర్లు చూస్తుంటే పొడి అక్షరాలు తప్ప ఏమీ అర్థం కావడం లేదని రాశావు. సైన్య వైద్య విభాగంలో ఇరవై ఏళ్లు అలాంటి కార్డులు నింపినవాణ్ణి. కాలం వేరైనా పని తీరు చాలావరకు అదే కాబట్టి, తెలిసినది చెబుతాను.

ముందు ఆ కాగితం వెంట నడువు. దెబ్బ తగిలిన మనిషిని కందకం వెనకున్న పటాలం డాక్టరు దగ్గరికి మోసుకొస్తారు. అక్కడినుంచి కట్లు కట్టే కేంద్రం, ఆపైన శస్త్రచికిత్స జరిగే క్లియరింగ్ స్టేషన్, చివరికి రైల్లో పెద్దాస్పత్రి. మైనం పూసిన కవరులో ఒక కార్డు అతని కోటు గుండీకి వేలాడుతూ వెంట వస్తుంది. ఆగిన ప్రతిచోటా గుమాస్తా తన రిజిస్టరులో మళ్లీ రాసుకుంటాడు. అందుకే ఒకే మనిషి మూడు నాలుగు చోట్ల కనిపిస్తాడు. పటాలంలో అతనికిచ్చిన సొంత నంబరు సరిచూడకుండా పేర్లు లెక్కపెట్టావంటే ఒక్క సిపాయి నలుగురైపోతాడు.

కాగితం మీదే కాదు, ఒంటి మీదా రాసేవారు. ధనుర్వాతం (టెటనస్) రాకుండా సీరం ఇచ్చాక, తడి తగిలితే ఊదారంగు తేలే పెన్సిలుతో మణికట్టు మీద ‘టి’ అని వేసేవారు. కార్డు పోయినా చెయ్యి చెబుతుందని.

‘జి.ఎస్.డబ్ల్యూ.’ అని కనిపిస్తే తూటా గాయమని రాసేసుకోకు. అది ‘గన్‌షాట్ ఊండ్’కు పొడి రూపం. మాటకు తుపాకి దెబ్బ అనే అర్థం ఉన్నా, షెల్ (పేలే ఫిరంగి గుండు) ముక్క తగిలినా చాలాచోట్ల అదే రాశారు. 1931లో బ్రిటిష్ వాళ్లు అచ్చువేసిన వైద్య గణాంకాల్లో 2,12,659 మంది గాయాలకు కారణాలు విడదీశారు. షెల్లు, మోర్టార్ల వల్ల 58.51 శాతం, తూటాల వల్ల 38.98 శాతం. బాయ్‌నెట్ (తుపాకి మొనకు తగిలించే కత్తి) పోట్లు 0.32 శాతమే. ఆ పొడి అక్షరాలను నమ్మితే ఫిరంగుల యుద్ధం నీ పుస్తకంలో తుపాకుల యుద్ధంగా మారిపోతుంది.

కుడి ఎడమల విషయంలోనూ జాగ్రత్త. ఒకసారి వానలో, లాంతరు వెలుగులో, నాకు ఎదురుగా పడుకోబెట్టిన కుర్రవాడి ఎడమ మోచేయిని కుడి అని రాశాను. నా కుడి వైపున ఉంది కదా మరి! తర్వాతి చోట కట్టు విప్పినవాళ్లు దిద్దారు. ఆ మోచేయి ఇప్పటికీ నాకు గుర్తే. రెండు రిజిస్టర్లు పొంతన కుదరకపోతే ఒకటి అబద్ధమని తోసెయ్యకుండా రెండూ రాసిపెట్టుకో.

ఇక అసలు మాట. రిజిస్టరులోని ప్రతి గడి వెనకా ఎవరిదో ఒక అవసరం ఉంటుంది. వైద్యుడి దగ్గరికి చేరకముందే పోతే ‘యుద్ధంలో మరణం’, చేరాక పోతే ‘గాయాలతో మరణం’. షెల్ షాక్, అంటే యుద్ధం దెబ్బకు మనసు చెదరడం, పక్కన ‘డబ్ల్యూ’ ఉంటే శత్రువు వల్ల గాయపడినట్టు, ‘ఎస్’ ఉంటే జబ్బుపడినట్టు. ఆ ఒక్క అక్షరం మీద గాయపడినందుకు గుర్తుగా కోటు చేతి మీద కుట్టే పట్టీ, పింఛను ఆధారపడేవి. మనసు చెదిరి వణుకుతున్న మనిషికి ఏ అక్షరం వెయ్యాలో తేల్చడం ఎంత కష్టమో ఆలోచించు.

మన సిపాయిల మీద పడిన నింద కూడా గడుల్లోంచే పుట్టింది. 1914 చివర్లో చేతి గాయాలు ఎక్కువ కనబడేసరికి, ఇంటికి పోవడానికి తమను తామే కాల్చుకుంటున్నారని అనుమానించారు. ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఉన్న కిచెనర్ ఇండియన్ ఆస్పత్రికి అధిపతి అయిన కల్నల్ బ్రూస్ సీటన్ 1,000 గాయాలను విశ్లేషించి, ఆ అనుమానానికి ఆధారం లేదని నివేదిక రాశాడు. ఆ నివేదిక తప్పకుండా చదువు. కందకంలో నిలబడి తుపాకి పేల్చేవాడికి బయటికి కనిపించేది ఏమిటి? తల, చేతులు. దెబ్బ అక్కడ కాక ఎక్కడ తగులుతుంది? ఆ మాట ఎవరో ఒకరు లెక్క వేసి చెప్పేదాకా, గాయపడి కూడా దొంగల్లా చూడబడ్డారు వాళ్లు. నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

బ్రైటన్ కాగితాల్లో ఎక్కువగా పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు తగులుతారు. మద్రాసు సాపర్ల (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే సిపాయిల) కోసమైతే మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) కాగితాలు కూడా వెతకాలి.

ప్రస్తుతానికి ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతి పేజీకీ మూడు సంగతులు రాయి: ఏ కేంద్రం, ఏ తేదీ, ఎవరి చేతిరాత. పొడి అక్షరాలను విడమరిచి రాసినా, మూలంలో ఉన్నది ఉన్నట్టు పక్కనే ఉంచు. సంక్రాంతికి వచ్చేటప్పుడు చదవలేకపోయిన పేజీలు పెద్దవి చేసి ప్రింటు తీసుకురా. మధ్యాహ్నం వెలుతురులో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య