అందరి పని అనుకుంటే ఎవరూ చేయరు

ప్రశ్న: ఆరుగురం కలిసి ఒక ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయాలి. ఇద్దరమే కష్టపడుతున్నాం. మిగతావాళ్లు చూద్దాం, చేద్దాం అంటూ రోజులు గడిపేస్తున్నారు. గ్రూపులో మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. పైవాళ్లకి చెప్పేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు పని ఎలా పంచుకున్నారో చూడండి. "సర్వే అందరం చేద్దాం" అని వదిలేసి ఉంటే, లోపం మనుషుల్లో కన్నా ఆ పంపకంలోనే ఉండొచ్చు. 1979లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లటానే బృందం కొందరికి కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి గట్టిగా అరవమంది. మరో ఐదుగురు తనతో అరుస్తున్నారనుకున్న మనిషి, ఒంటరిగా అరిచినప్పటి బలంలో 74 శాతమే పెట్టాడు. నిజానికి అరుస్తున్నది అతనొక్కడే! ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పి చేసిన తర్వాతి ప్రయోగంలో ఈ తగ్గుదల కనిపించలేదు.

అందుకే ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: పని, పేరు, తేదీ, ఎవరికి అందించాలి. ఒక్కో పనికి ఒక్క పేరే. రెండు పేర్లు రాస్తే ఎదుటివాళ్లు చేస్తారులే అని ఇద్దరూ ఊరుకుంటారు. "డేటా పని" అని రాయకండి, "20 ప్రశ్నపత్రాల జవాబులు షీట్‌లోకి ఎక్కించడం" అని రాయండి. అయిందో లేదో చూడగానే తెలియాలి. నాలుగో గడిని చాలామంది వదిలేస్తారు కానీ, కీలకం అదే. తన ముక్క కోసం ఫలానా మనిషి ఎదురుచూస్తున్నాడని తెలిస్తే ఎగ్గొట్టడం కష్టం.

గడువు మూడు వారాలైతే, అరకొరగా ఉన్నా సరే, చిత్తుప్రతిని పదో రోజుకే అడగండి. చివరి నాలుగు రోజులు కూర్పుకే ఉంచండి. ఆరుగురు రాసినప్పుడు ఒకే లెక్క రెండుచోట్ల రెండు రకాలుగా వచ్చేస్తుంది. ఆ కూర్పు పనికీ ఒక పేరు ఉండాలి.

అప్పటికీ ఇవ్వకపోతే గ్రూపులో నిలదీయకండి, విడిగా ఫోన్ చేయండి. "నువ్వేమీ చేయట్లేదు" అనే బదులు "మంగళవారం రావాల్సిన రెండో భాగం రాలేదు, ఎక్కడ ఆగింది?" అనండి. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొహం చాటేసేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లతో పావుగంట కూర్చుని మొదటి పేరా కలిసి రాయండి. మళ్లీ ఇచ్చిన తేదీ కూడా దాటితే, ఆ కాగితంతోనే పైవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్ల భాగం మాత్రం రాత్రికి రాత్రి మీరే రాసి పెట్టకండి. అలా చేస్తే ఎవరు ఆగిపోయారో ఇక ఎవరికీ కనిపించదు.

ప్రశ్న: మా మీటింగుల్లో ఒకరిద్దరే మాట్లాడతారు. మిగతావాళ్ల ఆలోచనలు బయటికి రావు. ఏం చేయాలి?

జవాబు: మాటలకు ముందు ఐదు నిమిషాలు అందరిచేతా మౌనంగా రాయించండి. తర్వాత వరసగా చదివించండి. అందరిదీ అయ్యేదాకా వ్యాఖ్యానాలు వద్దు. పెద్ద హోదాలో ఉన్నవారు చివర చదవాలి, ముందే చదివితే మిగతావాళ్లు తమ మాట మార్చుకుంటారు. వంతు కోసం ఎదురుచూసేలోపు ఆలోచన జారిపోవడం కూడా పెద్ద నష్టమే, రాయించడం వల్ల అదీ తప్పుతుంది.