పాఠకుల ప్రశ్నలు: క్విల్ట్ ముక్కలకు అక్రిలిక్ స్కేళ్లు

ప్రశ్న: గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంత, అంటే క్విల్ట్ కుట్టడం నేర్చుకుంటున్నాను. గుండ్రటి బ్లేడు దొర్లుతూ కోసే 45 ఎం.ఎం. రోటరీ కట్టర్, కింద పరిచే కటింగ్ మ్యాట్ కొన్నాను. పిల్లల ప్లాస్టిక్ స్కేలు పెట్టి కోస్తుంటే బ్లేడు స్కేలునే చెక్కేస్తోంది. ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ స్కేలు ఇక వాడకండి. పల్చటి, ఏటవాలు అంచు మీదికి బ్లేడు ఎక్కేస్తుంది. ఎక్కితే తర్వాత తెగేది వేలే. స్టీలు స్కేలు పెడితే బ్లేడు పదును పోతుంది, కింద గుడ్డా కనిపించదు. సుమారు 3 ఎం.ఎం. మందం, నిటారు అంచు ఉన్న పారదర్శకమైన అక్రిలిక్ స్కేలు కావాలి. ఒక్కటే కొనేటట్లయితే 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవుది తీసుకోండి. 44 అంగుళాల పన్నా గుడ్డ మధ్యకు మడిస్తే 22 అంగుళాలు అవుతుంది, ఒకే కోతలో తెగుతుంది.

గీతలు స్కేలు అడుగు వైపు ఉన్నాయో లేదో చూడండి. పైవైపు ఉంటే చూసే కోణం మారినప్పుడల్లా కొలత పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. 1/8 అంగుళం గుర్తులు తప్పనిసరి. కుట్టాక 3 అంగుళాలు రావాల్సిన చదరానికి, కుట్టులోకి పోయేది కలిపి 3 1/2 అంగుళాలు కోస్తాం. అదే కొలతలో రెండు త్రికోణాలు కలిపిన చదరం రావాలంటే 3 7/8 అంగుళాల చదరాలు కోసి ఐమూలగా చీలుస్తాం.

ప్రశ్న: సైన్‌బోర్డుల షాపులో లేజర్‌తో స్కేలు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా. కాకపోతే పని షాపువారికే వదిలేయకుండా నాలుగు విషయాలు మీరే చెప్పాలి. షీటు 3 ఎం.ఎం. కాస్ట్ (అచ్చులో పోసి చేసిన) అక్రిలిక్ కావాలని అడగండి. ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి నెట్టి తీసిన) రకం లేజర్ వేడికి త్వరగా కరుగుతుంది, గీతలూ అంత స్పష్టంగా రావు. లేజర్ యంత్రానికి 24 అంగుళాల షీటు పట్టే బెడ్ (షీటు పరిచే బల్ల) ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఎక్కువ స్కేళ్లు పాడయ్యేది డ్రాయింగ్‌లోనే. అంగుళం అంటే 25.4 ఎం.ఎం. లెక్క సులువని 25 వేస్తే 24 అంగుళాల స్కేలు 9.6 ఎం.ఎం. పొట్టిదవుతుంది. లేజర్ కిరణం కోసే దారిలో కొంత పదార్థం ఆవిరైపోతుంది కాబట్టి, ముందు 2 అంగుళాల చదరం ఒకటి కోయించి వెర్నియర్‌తో (సూక్ష్మ కొలతలు తీసే పరికరంతో) కొలవండి. తగ్గినంతలో సగం చొప్పున నాలుగు వైపులా గీతను బయటికి జరపండి. అంకెలు, గీతలు అద్దంలో కనిపించినట్టు తిప్పి అడుగున చెక్కించాలి, అప్పుడే పైనుంచి సరిగ్గా చదవగలం. గీత సన్నంగా ఉండాలి. లావు గీత అయితే గుడ్డ అంచును దాని ఏ వైపుకు ఆనించాలో తెలియదు.

కోసిన అంచును ఆకురాయితో రుద్దవద్దు, కొలత పోతుంది. స్పిరిట్, థిన్నర్, అసిటోన్ తగిలితే లేజర్ కోసిన అంచున సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

ఇంటికి తెచ్చాక రెండు ఐమూలలూ కొలవండి, సమానంగా ఉండాలి. తర్వాత కాగితం మీద పొడవు అంచు వెంట గీత గీసి, స్కేలు తిరగేసి అదే గీతకు ఆనించండి. మధ్యలో సందు కనిపిస్తే అంచు వంకర. ఇంత పట్టుదల ఎందుకంటే, ఒక్కో ముక్క 1/16 అంగుళం పెరిగినా 8 ముక్కల వరుసకు అర అంగుళం తేడా వస్తుంది. అలాంటి వరుస పక్కదానితో కలవదు.

ప్రశ్న: పట్టీ కోసి మడత విప్పితే మధ్యలో వంగి ఉంటోంది. స్కేలు కూడా జారుతోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వంపుకు కారణం మడత. మడత అంచుకు స్కేలు అడ్డగీత సరిగ్గా ఆనలేదు. ముందు ఆ గీతను మడత మీద పెట్టి చివర చక్కదిద్దుకోండి, మూడు నాలుగు పట్టీలకోసారి మళ్లీ దిద్దండి.

జారుడుకు చాలాసార్లు మొద్దుబారిన బ్లేడే కారణం. గట్టిగా నొక్కాల్సి రావడంతో స్కేలు పక్కకు పోతుంది. ముందు బ్లేడు మార్చండి. అప్పటికీ జారితే సన్న గరుకు కాగితం ముక్కలు గుండ్రంగా కత్తిరించి, గీతలకు అడ్డు రాకుండా అడుగున మూలల్లో అంటించండి. పొడవు కోతలో సగం దాకా వచ్చాక కట్టర్ ఎత్తకుండా ఆపి, ఎడమచేతిని ముందుకు జరుపుకొని మిగతాది కోయండి.