పక్షులు లేవకుండా చూడాలంటే

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని పులికాట్, నేలపట్టు తీసుకెళ్లాలనుకుంటున్నాం. కిందటేడు వెళ్తే దూరంగా తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఏ వేళకు వెళ్లాలి? ఎలాంటి బైనాక్యులర్ కొనాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీరు ఎండెక్కాక వెళ్లివుంటారు. అప్పుడు బురదనేల మీంచి వేడిగాలి లేచి, దూరాన ఉన్న పక్షి వణుకుతున్నట్టు కనబడుతుంది. ఎంత ఖరీదైన అద్దమూ దాన్ని సరిచెయ్యలేదు. తెల్లారేసరికి సూళ్లూరుపేటలో ఉండండి, తొమ్మిదిన్నర లోపల చూడ్డం ముగించండి. అక్కణ్ణుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనక రోడ్డుకు ఉత్తరపు వైపే చూడండి. వెలుగు మీ వీపున పడి, ఫ్లెమింగో రెక్కల గులాబీరంగు స్పష్టంగా తెలుస్తుంది. దక్షిణం వైపైతే అన్నీ నల్లటి నీడలే.

నీటి లోతు కూడా చూసుకోవాలి. ఫ్లెమింగో తలను తలకిందులుగా ముంచి, బురదనీళ్లను ముక్కుతో వడగట్టుకుని తింటుంది. అందుకు పొడుగు కాళ్లు ఆనేంత లోతే ఉండాలి. నవంబరు, డిసెంబరు వానలు గట్టిగా పడిన ఏడు పండగ నాటికి నీళ్లు ఎక్కువగా ఉండి గుంపులు చెదిరిపోతాయి. అలాంటి ఏడు నీరు తీసేదాకా ఆగి, జనవరి చివర్నో ఫిబ్రవరిలోనో వెళ్లండి.

నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కడతాయి. పిల్ల తన తలంతా తల్లి గొంతుసంచిలో దూర్చి చేపలు లాక్కుంటుంది. పిల్లలకు తప్పకుండా చూపించండి. ఇవి సైబీరియా నుంచి వచ్చాయని చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి. గూడబాతులు మన దేశపు పక్షులే. ఉత్తరాది నుంచి వలస వచ్చేవి సూదితోక బాతులు, తలమీద రెండు నల్లచారలున్న పెద్దబాతులు. కేకలు వేసి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపొద్దు. తల్లి లేచిన కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10 రెట్లదైతే చెయ్యి వణుకు కూడా అంతే పెరిగి పిల్లలకు బొమ్మ నిలవదు. రెండు వలయాలు కనబడితే మధ్య కీలును వంచి ఒకటే వలయం అయ్యేదాకా సర్దండి. తర్వాత కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి, ఎడమకన్ను మూసి కుడి గొట్టం మీది రింగుతో కుడికంటికి సరిచెయ్యండి. ఈ రెండోది చాలామంది వదిలేసి, అద్దం బాగాలేదంటారు. కళ్లజోడు ఉంటే రబ్బరు కప్పుల్ని కిందికి మడవాలి.

ప్రశ్న: మా సముద్రతీరంలో రాత్రిపూట తాబేళ్లు గుడ్లు పెడుతుంటాయి. టార్చి వేసి చూడొచ్చా? గుడ్లు కనబడితే తీసి భద్రమైన చోట పాతొచ్చా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: రెండూ వద్దు. జనవరి నుంచి మార్చి దాకా వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు నీళ్లలోంచి ఎక్కుతున్నప్పుడో గొయ్యి తవ్వుతున్నప్పుడో వెలుగు పడితే, గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. ముందుకు రాకుండా, దాని వెనకగా దూరంలో కూర్చోండి, లైటు ఆపెయ్యండి. గూటిలో దాదాపు వంద గుడ్లుంటాయి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డును అటూఇటూ తిప్పితే పిండం చనిపోతుంది. కనక గూడు ముట్టకుండా అటవీశాఖకు చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లు తీయడం నేరం కూడా. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొచ్చి, ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. గట్టున బల్బులుంటే సముద్రం వదిలి అటే పోతాయి. ఆ రోజుల్లో తీరం వైపు దీపాలు ఆర్పితే చాలు.

ప్రశ్న: మా వరిమడిలో దిగే కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతోంది. దెబ్బ తగిలిందా?
– ఒక రైతు, ఆత్మకూరు

జవాబు: లేదు. అది నత్తగుల్ల కొంగ. పెద్దయ్యాక దాని ముక్కు అలాగే ఉంటుంది. జారిపోయే గుండ్రటి నత్తను పట్టుకోడానికి ఆ వంపు పనికొస్తుంది. ముక్కు కొనను చిప్ప నోట్లోకి దూర్చి, మెత్తటి కండను లాగి మింగుతుంది. మడిలో ఖాళీ చిప్పలు దొరికితే ఏరి చూడండి, చాలావరకు పగలకుండానే ఉంటాయి. ముక్కులో సందు లేనిది కనబడితే అది ఆ జాతి పిల్లే.