ఐర్లాండ్ పల్లెల్లో ఇప్పటికీ నాటువైద్యం నమ్ముతారా?

నమ్ముతారు. రాస్‌కామన్ కౌంటీలో ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను, ఈ మాటలు నాకు రోజూ వినపడేవే.

ఇక్కడ మహిమంతా మందుది కాదు, మనిషిది. "ఫలానా వాళ్లింట్లో షింగిల్స్‌కి క్యూర్ ఉంది" అంటారు. షింగిల్స్ అంటే ఒంటి మీద ఒక పక్క పట్టీలా పొక్కులు లేచే జబ్బు; క్యూర్ అంటే దాన్ని నయం చేసే శక్తి. ఒకరి దగ్గర తామరకి, ఇంకొకరి దగ్గర కాలిన గాయాలకి, మరొకరి దగ్గర పులిపిర్లకి. అది వంశంలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఏడో కొడుక్కి పుట్టిన ఏడో కొడుకైతే ఇక చెప్పక్కర్లేదు. డబ్బులు తీసుకోరు. థాంక్స్ కూడా చెప్పకూడదు, చెబితే పనిచేయదట. మన వైపు కామెర్లకి పసరు పోసేవాళ్లు కొందరు పైసా ముట్టరు చూడండి, అలాగే.

మా దగ్గర ఒక పెద్దావిడకి నడుం చుట్టూ షింగిల్స్ పొక్కులు లేచాయి. డాక్టర్ యాంటీవైరల్ రాశారు. ఆ సాయంత్రమే కొడుకు క్యూర్ ఉన్నాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పొక్కులు ముట్టుకోలేదు. పెదాలు కదుపుతూ ప్రార్థన చదివి, బొటనవేలితో గాల్లో శిలువ గుర్తు వేసి, టీ ఇస్తానన్నా ఆగకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రెండుసార్లు వచ్చాడు. ఆవిడ మాత్రలూ మానలేదు. తగ్గాక పేరు మాత్రం ఆయనకే! షింగిల్స్ మామూలుగా కొన్ని వారాల్లో దానంతటదే ఎండిపోతుంది. కానీ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, కాబట్టి ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

వంటింటి వైద్యమూ ఉంది. క్యారగీన్ అనే సముద్రపు నాచుని పాలలో మరిగించి దగ్గుకి తాగుతారు. నేనూ తాగాను, జిగటగా ఉంటుంది కానీ గొంతుకి హాయే. కోరింత దగ్గొచ్చిన పిల్లాణ్ణి గాడిద పొట్ట కిందనుంచి మూడుసార్లు దాటించడం లాంటివి మాత్రం ఇప్పుడెవరూ చేయరు. 1937-39లో బడిపిల్లలు ఊళ్లో పెద్దవాళ్లని అడిగి రాసిన నోటుబుక్కుల్లో అవన్నీ ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చదవొచ్చు.

అన్నిట్లోకీ నాకు ఆసక్తిగా అనిపించేది ఉత్తర ఐర్లాండ్‌లో, ఫెర్మానా కౌంటీలోని బోహో చర్చి మట్టి. 1815లో చనిపోయిన ఒక ఫాదర్ సమాధి దగ్గరిది. జబ్బు చేసినవాళ్లు చిటికెడు మట్టి గుడ్డలో కట్టి దిండు కింద పెట్టుకుని, తర్వాత తిరిగి అక్కడే వేసేస్తారు. స్వాన్సీ యూనివర్సిటీ వాళ్లు అందులో కొత్త రకం స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా ఉందని 2018లో ప్రకటించారు. ల్యాబ్‌లో అది ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి, చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని మొండి క్రిములని ఆపింది. దిండు కింద పెడితే రోగం తగ్గుతుందని దానర్థం కాదు. కానీ ఇక్కడివాళ్లకి ఆ సంగతి చెప్పి చూడండి, "మాకు ఎప్పుడో తెలుసు" అంటారు.