హార్టికల్చర్ డిగ్రీ లేకుండా ల్యాండ్‌స్కేపింగ్‌లో నిలబడొచ్చా?

"బీకాం అయింది, మొక్కలంటే ఇష్టం. హార్టికల్చర్ డిగ్రీ లేకుండా ల్యాండ్‌స్కేపింగ్‌లోకి రావచ్చా? ఏ కోర్సు చేయాలి?" అని అడిగారు. నేనూ బీకామే. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ఈ పని మీదే బతుకుతున్నాను. కాబట్టి రావచ్చు. కోర్సు సంగతి తర్వాత, ముందు ఒక గడ్డపార కొనుక్కోండి.

ఎందుకో చెప్తాను. సొంతంగా పట్టిన మొదటి పని, ఊరికి పడమర పక్కన ఒక విల్లా. 3,000 చదరపు అడుగుల లాన్, మెక్సికన్ గడ్డి, గోడ వెంట అరెకా పామ్‌లు. బిల్డర్ మనుషులు అప్పటికే ఎర్రమట్టి పోసి, అలికిన వాకిలిలా చదును చేసి పెట్టారు. నాకు పని తగ్గిందని సంబరపడ్డాను. గడ్డి పరిచిన ఇరవై రోజులకి మధ్యలో చాపంత మేర పసుపు రంగుకి తిరిగింది. తెగులనుకుని మందు కొట్టాను. తగ్గలేదు. యూరియా చల్లాను. ఇంకో రెండు చోట్ల మొదలైంది. ఓనర్ గారు రోజూ పొద్దున ఆరింటికల్లా ఆ మచ్చల ఫొటో వాట్సాప్‌లో పెట్టేవారు. ఒక్క మాట కూడా రాసేవారు కాదు, ఫొటో మాత్రమే. ఫోన్ మోగితే చాలు టెన్షన్.

ఆ వారం కడియం నుంచి మొక్కల లోడుతో ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. గడ్డి వంక సరిగ్గా చూడను కూడా లేదు. నీళ్ల గొట్టం ఆ మచ్చ మీద పడేసి, టీ తాగొద్దాం రమ్మన్నాడు. అరగంటకి తిరిగొస్తే నీళ్లు ఇంకకుండా అలాగే నిలబడి ఉన్నాయి. గడ్డపారతో ఒక్క పోటు పొడిచాడు. జానెడు లోతులో ఖంగుమంది. తాపీవాళ్లు సిమెంటు మాలు కలిపిన చోటు అది! గట్టిపడిన మాలు, ఇటుక ముక్కలు, పుట్టీ సంచులు, వాటన్నిటినీ కప్పేస్తూ ఎర్రమట్టి.

"గడ్డికేం రోగం లేదు బాబుగారూ. పడకే బాలేదండి" అన్నాడు.

సిమెంటులో సున్నం వల్ల మట్టి క్షారంగా మారుతుంది, మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, ఆకు పాలిపోతుంది. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఏడు ట్రాక్టర్ల చెత్త బయటికి తోలి, కొత్త మట్టి పోసేసరికి లాభం పోయి చేతి డబ్బు కూడా పడింది. బిల్డర్ని అడిగితే "చూసుకునే కదా ఒప్పుకున్నారు" అన్నాడు. నిజమే మరి.

అప్పట్నుంచి కొటేషన్ ఇవ్వకముందే నాలుగు చోట్ల తవ్వి, బకెట్ నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తాను. ఓనర్లు నన్ను బావి తవ్వేవాడిలా చూస్తారు. త్రీడీ బొమ్మలు చూపించే కుర్రాడికి మాత్రం అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ బొమ్మల్లో దేవగన్నేరు పక్కన లావెండర్ పూస్తుంటుంది. హైదరాబాద్ మే నెల ఎండలో లావెండర్! సరే, వదిలేద్దాం.

అందుకే నా మాట వింటే, ముందు ఆ కడియం మండలంలోని కడియపులంక వెళ్లి ఏదైనా నర్సరీలో ఏడాది పనిచేయండి. సంచుల్లో మట్టి నింపడం, అంట్లు కట్టడం, లోడు ఎత్తడం. జీతం ఇంట్లో చెప్పుకునేలా ఉండదు. కానీ అక్కడి ఒండ్రుమట్టి ముద్దతో వచ్చిన మొక్క ఇక్కడి మొరం నేలలో ఎందుకు బిగుసుకుపోతుందో చేతికి తెలిసొస్తుంది. ఆ ముద్ద ఒకసారి ఎండిందంటే చుట్టూ ఎన్ని నీళ్లు పోసినా లోపలికి దిగవు.

చదువే కావాలంటే వెంకటరామన్నగూడెంలోనూ, సిద్దిపేట జిల్లా ములుగులోనూ ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. బీకాం చేతిలో పెట్టుకుని మళ్లీ మొదటికి వెళ్లడం దండగని నా అభిప్రాయం. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అవుతానంటే అది వేరే దారి, బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చేసి ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ), అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ లాంటి చోట పీజీ చేయాలి.

డబ్బు కొత్త తోటలు వేయడంలో ఉందనుకుంటారు. లేదు. నెలనెలా వచ్చే మెయింటెనెన్స్‌లోనే ఉంది. మీ బీకాం పనికొచ్చేదీ అక్కడే. మొక్కలు ఊరికే అమ్మితే జీఎస్టీ లేదు, తోట వేసిపెట్టే పనికి 18 శాతం ఉంది. ఈ తేడా తెలియక చేతులు కాల్చుకున్న నిపుణులు నాకు బాగా తెలుసు.

మరో గొడవ కోనోకార్పస్ అనే, తొందరగా పెరిగే పచ్చటి చెట్టు. గోడ వెంట ఆర్నెల్లలో పచ్చగా కావాలంటారు. గుజరాత్‌లో 2023లో దాన్ని నిషేధించారు, అయినా ఇక్కడ అడుగుతూనే ఉన్నారు. వేయనన్నందుకు నాకు రెండు పనులు పోయాయి.

కడియపులంక వెళ్తే మాత్రం ఏప్రిల్‌లో వెళ్లండి. ఎండలో రెండు పూటలా నీళ్లు పెట్టాల్సిన రోజులవి. మే నెలాఖరుకి కూడా అక్కడే ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఒక సూపర్‌వైజర్ కావాలి.