ట్యూషన్ ఫీజు మీద జీఎస్టీ: రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ గణితం పూర్తి చేసి పాఠాలు చెబుతోంది. ఇంట్లో 15 మంది పిల్లలకు నెలకు 1,500 రూపాయల చొప్పున ఏడాదిలో పది నెలలు ట్యూషన్ చెబుతుంది. విశాఖ ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నెలకు 40,000 ఇస్తోంది. తెల్లవారుజామున అమెరికాలో ఉన్న ఎనిమిది మంది తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో చెబుతుంది, ఒక్కొక్కరు నెలకు 12,000 పంపుతారు. ఇప్పుడు రికార్డు చేసిన పాఠాలను 3,000 రూపాయలకు అమ్మాలనుకుంటోంది. సేల్స్ టాక్స్ వాళ్లు పట్టుకుంటారని, అమెరికాలోనూ పన్ను కట్టాలని, ఇంతకంటే స్కూల్లో ఉద్యోగం చూసుకోవడం మేలని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ అమ్మాయి తన చదువుతో తన కాళ్ల మీద నిలబడింది. పన్ను భయంతో ఆ పనిని వదులుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు. అయితే మీరు రాసిన అంకెలను కూడి చూస్తే, ఆమె ఇంతవరకు పట్టించుకోకపోయినా సరిపోయిన విషయాన్ని ఈ సంవత్సరం తప్పకుండా పట్టించుకోవలసిన దశకు వచ్చిందని తెలుస్తోంది.

మనవాళ్లు ఇప్పటికీ సేల్స్ టాక్స్ అంటున్నది 2017 జూలై 1 నుంచి జీఎస్టీ అయింది. విద్యకు జీఎస్టీ లేదనే మాట సగమే నిజం. బడులు, కళాశాలలు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చదువులో భాగంగా తమ విద్యార్థులకు చెప్పే పాఠాలకే ఆ మినహాయింపు ఉంది. అదే పాఠాన్ని ఇంట్లో ట్యూషన్‌గా చెప్పినా, కోచింగ్‌గా చెప్పినా అది 18 శాతం పన్ను పడే సేవ అవుతుంది. కానీ సేవలు అందించేవారి మొత్తం టర్నోవర్ ఒక ఆర్థిక సంవత్సరంలో 20 లక్షల రూపాయలు దాటనంతవరకు ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. విద్యార్థులు వేరే రాష్ట్రంలో ఉన్నా, విదేశంలో ఉన్నా సేవల విషయంలో ఇదే హద్దు వర్తిస్తుంది. ఒక్క విద్యార్థి హైదరాబాద్‌లో ఉన్నా వెంటనే రిజిస్టర్ కావాలని కొందరు చెప్పేది సరికాదు.

ఇక లెక్క చూద్దాం. ఇంటి ట్యూషన్ మీద 2,25,000, కోచింగ్ సెంటర్ నుంచి 4,80,000, అమెరికా పిల్లల నుంచి 11,52,000, అన్నీ కలిపి 18,57,000 రూపాయలు. రికార్డు చేసిన పాఠాలను 50 మంది కొన్నా మరో లక్షా యాభై వేలు చేరి, మొత్తం 20,07,000 అవుతుంది. చట్టం ఈ ఆదాయాలను వేర్వేరుగా చూడదు. ఒకే పాన్ మీద వచ్చే అన్ని సేవల విలువనూ కలిపే చూస్తుంది. ఆమె పేరు మీద ఉన్న వాటాను ఎవరికైనా కాపురానికి అద్దెకిచ్చి ఉంటే, పన్ను పడని ఆ అద్దె కూడా ఈ కూడికలోకి వస్తుంది.

ఇక్కడ నేను ముందుగా తేల్చుకోమనేది కోచింగ్ సెంటర్ సొమ్ము సంగతి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చి ఉద్యోగిగా జీతం చెల్లిస్తుంటే, ఆ 4,80,000 రూపాయలు జీఎస్టీ లెక్కలోకే రావు. ఉద్యోగి యజమానికి చేసే పని చట్టం దృష్టిలో పన్ను పడే సేవ కాదు. అలా కాకుండా గెస్ట్ ఫ్యాకల్టీగా పెట్టుకొని, ప్రొఫెషనల్ ఫీజు పేరుతో 10 శాతం టీడీఎస్ మినహాయించి ఇస్తుంటే మాత్రం అది లెక్కలోకి వస్తుంది. ఆ టీడీఎస్ ఆదాయపు పన్నుకు సంబంధించినదే కనుక, అది కోశారు కాబట్టి జీఎస్టీ కూడా కట్టినట్టేనని అనుకోకండి. చాలామంది యువ అధ్యాపకులు తాము ఉద్యోగులో కాదో తెలియకుండానే ఏళ్ల తరబడి పనిచేయడం చూశాను. మీ అమ్మాయిని ఈ మాట సెంటర్‌లో నోటితో అడిగి ఊరుకోవద్దని, కాగితం మీద రాయించుకొమ్మని చెప్పండి.

ఫీజుగానే తేలితే, 20 లక్షలు దాటిన 30 రోజుల్లోగా జీఎస్టీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. దానికి ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. ఇంటినే వ్యాపార చిరునామాగా చూపవచ్చు. అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు సిద్ధంగా ఉంచుకోవాలి. గడువులోగా దరఖాస్తు చేస్తే హద్దు దాటిన నాటి నుంచి చెప్పే పాఠాలకే పన్ను వర్తిస్తుంది, అంతకు ముందు వచ్చిన సొమ్ము మీద కాదు. ఆలస్యం చేస్తే మాత్రం ఆ రోజు నుంచి లెక్కగట్టి వడ్డీతోనూ జరిమానాతోనూ అడుగుతారు.

మీ బంధువులు ఊహించినంత భారం ఎందుకు పడదో చెబుతాను. అమెరికా పిల్లల పాఠాలు సేవల ఎగుమతి కిందికి వస్తాయి. ఎల్‌యూటీ అనే హామీ పత్రాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ పోర్టల్‌లో సమర్పిస్తే వాటి మీద పన్ను కట్టనక్కర్లేదు. అంటే ఆమెను హద్దు దాటించే ఆదాయంలో పెద్ద భాగానికి పన్నే లేదు. కోచింగ్ సెంటర్‌కు 40,000 మీద 7,200 జీఎస్టీ వేసి బిల్లు ఇస్తే, రిజిస్టరైన సెంటర్ ఆ మొత్తాన్ని తాను కట్టవలసిన పన్నులో మినహాయించుకోగలదు. ఇక మిగిలింది ఇంటి ట్యూషన్, రికార్డు పాఠాలు. ఏడాది మొత్తానికి 3,75,000 మీద 67,500 రూపాయల పన్ను. దీన్ని ఎవరు భరించాలన్నదే ఆమె ఆలోచించవలసిన ప్రశ్న. గాజువాకలో 1,500 ఇచ్చే తల్లిదండ్రులను 1,770 ఇమ్మని అడగడం తేలిక కాదు. అడగకపోతే ప్రతి 1,500లో సుమారు 229 రూపాయలు ఆమె చేతి నుంచి పోతాయి. అందువల్ల కొత్త పాఠాల ధరను పన్నుతో కలిపే నిర్ణయించుకొని అమ్మకం మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఎగుమతి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలోని తల్లిదండ్రులు ఎంవీపీ కాలనీలో ఉన్న తాతగారి చేత యూపీఐలో ఫీజు వేయించడం మన ఊళ్లో మామూలే. అలా వచ్చిన సొమ్మును ఎగుమతిగా నిరూపించడం కష్టం. పాఠానికి డబ్బు చెల్లించవలసిన వ్యక్తి విదేశంలో ఉండాలి, సొమ్ము విదేశీ మారకంలో గాని రిజర్వు బ్యాంకు అనుమతించిన పద్ధతిలో గాని రావాలి. అది వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాలను ప్రతి నెలా దాచుకోవాలి.

అమెరికాలో దేశమంతటికీ ఒకే సేల్స్ టాక్స్ లేదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. 2018లో అక్కడి సుప్రీంకోర్టు వేఫేర్ కేసులో ఇచ్చిన తీర్పుతో, తమ గడ్డ మీద దుకాణం లేని అమ్మకందారుల నుంచి కూడా పన్ను వసూలు చేయించే అధికారం రాష్ట్రాలకు వచ్చింది. ఆ కేసులోని దక్షిణ డకోటా చట్టం పెట్టిన హద్దు ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకాలు లేదా 200 లావాదేవీలు. చాలా రాష్ట్రాలు ఆ లక్ష డాలర్లనే కొలతగా తీసుకున్నాయి. ఎనిమిది మంది పిల్లలతో మీ అమ్మాయి ఆ దరిదాపులకు కూడా రాదు.

18 శాతానికి బదులు మొత్తం టర్నోవర్ మీద ఆరు శాతమే కట్టే కాంపోజిషన్ పథకం ఉందని ఎవరైనా సలహా ఇస్తే, రాష్ట్రం దాటి సేవలు అందించేవారికి అది వర్తించదని గుర్తుంచుకోండి. రిజిస్టరైన తరువాత అమ్మకమేమీ లేని కాలానికి కూడా రిటర్న్ వేయాలి. వేయకపోతే రోజుకు 20 రూపాయలు, పన్ను కట్టవలసి ఉంటే రోజుకు 50 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. ఏడాదికి 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవారు మూడు నెలలకొకసారి రిటర్న్ వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు కాబట్టి, నమ్మకమైన ఆడిటర్ ఒకరు తోడుంటే ఇది మోయలేని పని కాదు. రికార్డు పాఠాలు కొన్న ప్రతి ఒక్కరి రాష్ట్రం పేరును బిల్లు మీద రాయడం కూడా మొదటి నుంచే అలవాటు చేసుకోవాలి.

ఏప్రిల్ 1 నుంచి ఇప్పటివరకు వచ్చిన ప్రతి రూపాయినీ తేదీతో, పంపినవారి పేరుతో ఒక పుస్తకంలో ఈ ఆదివారమే రాయించండి. ఆ మొత్తం, కోచింగ్ సెంటర్ ఇచ్చే కాగితం చేతికి వచ్చాకే రికార్డు పాఠాల అమ్మకం ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించుకొమ్మని చెప్పండి.